చేతి టైలుకు ఏ గ్రౌటు?

బాత్రూమ్ కొత్తగా చేయించుకునేవాళ్లు టైళ్లు ఎంచుకోవడానికి వారాల తరబడి తిరుగుతారు. వాటి మధ్య సందుల్లో నింపే గ్రౌటు మాట మాత్రం చివరి రోజున, మేస్త్రీ దుకాణానికి బయల్దేరుతూ "ఏ రంగు తెమ్మంటారు?" అని అడిగినప్పుడే వస్తుంది. ఫ్యాక్టరీ టైలు విషయంలో ఈ నిర్లక్ష్యం చాలావరకు చెల్లిపోతుంది. చేత్తో చేసిన టైలు దగ్గర చెల్లదు. ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

60 సెంటీమీటర్ల చదరపు టైళ్లను 2 మిల్లీమీటర్ల సందుతో అతికిస్తే గోడ వైశాల్యంలో గ్రౌటు వాటా 0.7 శాతం. అదే గోడకు 10 సెంటీమీటర్ల చేతి టైళ్లను 5 మిల్లీమీటర్ల సందుతో వేస్తే ఆ వాటా 9 శాతం దాటుతుంది. అంటే షవర్ గోడలో దాదాపు పదకొండో వంతు గ్రౌటే. నీళ్లు, సబ్బు, తలంటు నూనె, పసుపు, కుంకుడు రసం రోజూ తాకే గోడలో పదకొండో వంతును రంగు పేరు చెప్పి ముగించేయడం తగదు.

చేతి టైళ్లన్నీ ఒక రకం కావు. మొరాకోలోని ఫెస్ నగరపు జెల్లీజ్ మట్టి టైలు. మట్టిని చేత్తో పలకలుగా చేసి ఎండబెట్టి కాలుస్తారు, గ్లేజు పూసి మళ్లీ కాలుస్తారు, ఆ తర్వాత అంచుల్ని సుత్తితో చెక్కుతారు. జైపూర్ నీలి పాత్రల పనివాళ్ల టైలులో మామూలు కుమ్మరి మట్టి ఉండదు. క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, కొద్దిగా ముల్తానీ మట్టి కలిపి తక్కువ వేడిలో కాలుస్తారు. తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతంలో తయారయ్యే ఆత్తంగుడి టైలుకు బట్టీతో పనే లేదు. గాజు పలక మీద రంగు సిమెంటు పోసి, వెనక ఇసుక సిమెంటు నింపి, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద కుతుబ్ షాహీల కాలపు రంగు టైళ్ల పని ఇప్పటికీ చూడవచ్చు. 1908 మూసీ వరదలో ఆ పనిలో కొంత భాగం దెబ్బతింది. వరద ఒక్కసారి వచ్చి పోతుంది. షవర్ గోడకు మాత్రం రోజూ తడుపే. కనుక అక్కడ టైలు స్వభావం తెలుసుకోకుండా గ్రౌటు ఎంచుకోకూడదు.

మొదట చూడాల్సింది అంచు. మట్టి ఎండేటప్పుడూ కాలేటప్పుడూ కుదించుకుపోతుంది. బట్టీలో వేడి అన్ని మూలలా ఒకేలా ఉండదు. అందుకే ఒకే చేతి నుంచి వచ్చిన రెండు టైళ్లు కూడా ఒకే కొలతకు రావు. ఫ్యాక్టరీలో కాల్చిన తర్వాత అంచులు అరగదీసి సరిచేయగలరు. చేతి టైలు కొలతల్లో ఉన్న తేడాను సందే మింగాలి. అమెరికా టైలు ప్రమాణాలు దీనికి సూటిగా ఒక నియమం పెట్టాయి: టైళ్ల కొలతల్లో తేడా ఎంతుంటే సందు కనీసం దానికి మూడింతలు ఉండాలి. వేర్వేరు పెట్టెల నుంచి ఇరవై టైళ్లు తీసి కొలవండి. అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా ఉంటే సందు నాలుగున్నర మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సందు సమానంగా రావడానికి టైళ్ల మధ్య ఏ స్పేసర్ పెట్టాలో ఈ కొలతే చెబుతుంది.

జెల్లీజ్ పనివాళ్లు ఈ నియమానికి లొంగరు. వాళ్లు ముక్క వెనక అంచును లోపలికి ఏటవాలుగా చెక్కుతారు కాబట్టి ముందువైపు అంచులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, వెనక మాత్రం ఖాళీ ఉంటుంది. సంప్రదాయ పద్ధతిలో ముక్కల్ని బోర్లా పేర్చి వెనక నుంచి మసాలా పోస్తారు. ఆ మసాలా సందుల్లోకి దిగి ముక్కల్ని పట్టుకుంటుంది. మన మేస్త్రీ చేసే పని వేరు. అతను గోడ మీద ముందువైపు నుంచి అంటిస్తాడు, గ్రౌటు కూడా ముందు నుంచే తోస్తాడు. సందు బొత్తిగా లేకపోతే గ్రౌటు లోపలికి వెళ్లదు, పైన పొరలా నిలబడి కొన్నాళ్లకు రేకులుగా రాలిపోతుంది. అందుకే షవర్లో జెల్లీజ్ వేసినా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి.

అంచు గురించి ఇంకొక మాట. చాలా చేతి టైళ్ల అంచులు పదునుగా ఉండవు, గుండ్రంగా కిందికి వాలి ఉంటాయి. అలాంటి టైళ్ల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి గ్రౌటును పైదాకా నింపితే, అది వాలు మీదికి పాకి కంటికి 6, 7 మిల్లీమీటర్ల గీతలా కనబడుతుంది. టైలు అందమంతా ఆ గీత కింద పోతుంది. వాలు మొదలయ్యే చోటికి కాస్త కిందనే గ్రౌటు ఆపమని ముందే చెప్పాలి. ఆరాక తవ్వి సరిచేయబోతే గ్లేజు పెచ్చులూడుతుంది.

ఇక నింపే పదార్థం. మన ఊళ్లలో చాలాకాలం తెల్ల సిమెంటులో రంగు పొడి కలిపి పూయడమే గ్రౌటింగ్. ఇప్పటికీ చాలా చోట్ల అదే. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. 1824లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటి సిమెంటుకూ ఇప్పటి దానికీ తేడాలున్నా గట్టిపడడానికి నీరు కావాలన్న సూత్రం మారలేదు. ఆ చర్యలో కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే బంక లాంటి పదార్థం పుట్టి రేణువుల్ని పట్టుకుంటుంది, పక్కన తడి సున్నం కూడా తయారవుతుంది. చర్య పూర్తిగా జరగడానికి సిమెంటు బరువులో 40 శాతం దగ్గర నీరు చాలు. చేతికి జారుగా ఉండాలని మేస్త్రీ అంతకంటే ఎక్కువ కలిపినప్పుడు ఆ మిగులు నీరు తర్వాత ఆవిరై వెళ్లిపోతుంది. అది ఉన్న చోటల్లా కంటికి కనిపించని సన్నటి గొట్టాలు మిగులుతాయి. షవర్ నీటిని లోపలికి లాగేవి ఆ గొట్టాలే. లాగే శక్తి కేశనాళికీయత.

నీరు పోతే ముద్ద కుదించుకుపోతుంది కూడా. ఇసుక రేణువులు కుదించుకుపోవు, ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి. అందుకే 3 మిల్లీమీటర్లు దాటిన సందులకు సన్నటి ఇసుక కలిసిన గ్రౌటు, అంతకంటే సన్నని వాటికి ఇసుక లేని గ్రౌటు వాడాలన్నది వాడుకలో ఉన్న నియమం. యూరప్ ప్రమాణం ఈఎన్ 13888 సిమెంటు గ్రౌటుకు మీటరుకు 3 మిల్లీమీటర్ల దాకా కుదింపును అనుమతిస్తుంది. 5 మిల్లీమీటర్ల సందులో అది 15 మైక్రాన్లు. కంటికి కనబడదు, నీరు దూరడానికి సరిపోతుంది. ఉత్త తెల్ల సిమెంటు ముద్ద కుదింపు దీనికంటే చాలా ఎక్కువ. వెడల్పు సందుల్లో అది నెర్రెలు విచ్చడం మనం చూస్తూనే ఉంటాం. చేతి టైళ్ల వెడల్పు సందుల్లో తెల్ల సిమెంటు వాడవద్దు. ఈ మాట నేను సందేహం లేకుండా చెబుతాను.

వెడల్పు సందుకు ఇసుక కావాలి సరే, గ్లేజు ఒప్పుకుంటుందా? ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ ఇసుక 7 దగ్గర ఉంటుంది. తక్కువ వేడిలో కాల్చిన గ్లేజు గాజు జాతిది, 5, 6 మధ్య ఉంటుంది. రబ్బరు పలకతో ఇసుక గ్రౌటును గట్టిగా రుద్దితే మెత్తటి గ్లేజు మీద గీతలు పడతాయి. మిగిలిపోయిన ఒక టైలు మీద తడి గ్రౌటును బలంగా రుద్ది, కడిగి, వెలుతురులో ఏటవాలుగా పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. గీతలు పడితే మరీ సన్నటి రేణువులతో వెడల్పు సందులకూ పనికొచ్చేలా చేసిన గ్రౌటు వెతుక్కోవాలి. అలాంటివి ఇప్పుడు దొరుకుతున్నాయి.

టైలు ఒంటికి ఉన్న దాహం కూడా లెక్కలోకి రావాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో టైళ్లను అవి పీల్చే నీటిని బట్టి విడదీస్తారు. పోర్సెలిన్ టైలు తన బరువులో 0.5 శాతానికి మించి పీల్చదు. చేతితో చేసి తక్కువ వేడిలో కాల్చిన మట్టి టైలు 10 శాతం దాటి పీల్చడం మామూలే. అది కొత్త కుండలాంటిది. దాని పొడి అంచుల మధ్య గ్రౌటు నింపితే, సిమెంటుకు అందాల్సిన నీటిని అంచులు తాగేస్తాయి. చర్య మధ్యలో ఆగిపోయి గ్రౌటు పైకి గట్టిగా కనబడినా లోపల పొడిగా ఉండిపోతుంది. గోటితో గీస్తే రాలుతుంది. మనం గ్రౌటు కంపెనీని తిట్టుకుంటాం. నింపే ముందు తడి స్పాంజితో సందుల్ని తుడిచి, నీళ్లు నిలవకుండా చెమ్మగా ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

గ్లేజు లేని మట్టి టైలైతే, ఆత్తంగుడి లాంటి సిమెంటు టైలైతే ఇంకో ప్రమాదం ఉంది. గ్రౌటులోని రంగు పొడి వాటి ముఖం మీది రంధ్రాల్లోకి దిగి ఉండిపోతుంది. ముదురు బూడిద రంగు గ్రౌటు లేత టైలు చుట్టూ మరక పటం కట్టాక దాన్ని తీసే ఉపాయం లేదు. వీటికి గ్రౌటు కంటే ముందే ఒక పూత సీలర్ వేయాలి. గ్లేజు ఉన్న టైళ్లలోనూ వెంట్రుకవాసి పగుళ్లు ఉండవచ్చు. చల్లారేటప్పుడు గ్లేజు లోపలి మట్టి కంటే ఎక్కువ కుదించుకుపోతే ఆ పగుళ్లు వస్తాయి. వాటిని అందంగా భావించి ఏరికోరి కొనేవాళ్లున్నారు. అందమే, కానీ ఆ పగుళ్ల గుండా రంగూ నీరూ రెండూ లోపలికి వెళ్తాయి.

ఇక్కడే చాలామంది ఎపాక్సీ పేరు ఎత్తుతారు. దుకాణంలో కూడా ఖరీదైనది కాబట్టి మంచిదనే చెబుతారు. ఎపాక్సీలో సిమెంటు ఉండదు. రెజిన్, హార్డెనర్ కలిసి పెద్ద అణువుల వలగా అల్లుకుంటాయి. అంకెల్లో చూస్తే దాని బలం నిజమే. ఈఎన్ 13888 ప్రకారం నిర్ణీత పరిమాణపు సిమెంటు గ్రౌటు నమూనా నాలుగు గంటల్లో 10 గ్రాముల దాకా నీరు పీల్చవచ్చు. మెరుగుపరిచిన, నీరు తక్కువ పీల్చే రకానికి పరిమితి 5 గ్రాములు. ఎపాక్సీ తరగతికి 0.1 గ్రాము. యాసిడ్‌కు అది దాదాపు చలించదు, మరకలు పట్టవు.

అయినా చేతి టైలుకు ఎపాక్సీ అన్ని వేళలా సరైనది కాదు. గుంటలూ గరుకూ ఉన్న ముఖం మీద పడిన రెజిన్ గట్టిపడేలోపు పూర్తిగా తుడిచివేయడం కష్టం. మిగిలితే జిగట పొరలా మెరుస్తూ ఉండిపోతుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం పూట ఈ పని మొదలుపెడితే ఇంకా కష్టం. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడు ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. గిన్నెలో ఉన్న ముద్ద చేతికి అందక ముందే బిగుసుకుంటుంది. తెల్లవారుజామున కొద్ది కొద్దిగా కలుపుకొని చేయాలి. గ్లేజు లేని టైలు అంచులు రెజిన్‌ను పీల్చి నల్లబడతాయి. కిటికీ ఎండ తగిలే చోట తెల్ల ఎపాక్సీ పచ్చబడుతుంది. గట్టిపడని రెజిన్, హార్డెనర్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, వచ్చాక అది జీవితాంతం ఉండవచ్చు. మేస్త్రీ చేతికి గ్లవ్స్ ఇవ్వడం ఇల్లుగలవారి బాధ్యత. ఆ పెట్టె మీది హెచ్చరికను ఆయనకు చదివి వినిపించండి.

వీటన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది. సందును ఎంత బిగించినా టైలే నీరు పీల్చేదైతే గోడ లోపలికి నీరు వెళ్లక మానదు. నీటిని ఆపే బాధ్యత గ్రౌటుది కాదు. టైలు వెనక వేసే వాటర్‌ప్రూఫింగ్ పొరది. ఎపాక్సీ వేశాం కదా అని ఆ పొరలో పొదుపు చేసినవాళ్ల పక్క గది గోడ చెమ్మగిల్లుతుంది. టైళ్లు అంటించడానికి ముందే షవర్ నేల మీద 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద, పక్కన చెమ్మ వస్తుందేమో చూడాలి. గ్రౌటు మీద పెట్టే ఏ ఖర్చూ ఈ పరీక్షకు బదులు కాదు.

గట్టిదనం గురించి కూడా మన ఆలోచన మారాలి. పాత ఇటుక గోడలు మరమ్మతు చేసేవాళ్లు పాటించే నియమం ఇది: ఇటుక కంటే దాన్ని పట్టుకునే మసాలా మెత్తగా ఉండాలి. గోడ కదిలినప్పుడు పగులు మసాలాలో వస్తే తీసి మళ్లీ నింపుకోవచ్చు. ఇటుకలో వస్తే ఇటుకే పోయింది. ఆత్తంగుడికీ జైపూర్ టైలుకీ ఫెస్ టైలుకీ ఇదే వర్తిస్తుంది. మెత్తటి టైలు మధ్య ఎపాక్సీ లాంటి గట్టి పట్టు ఉంటే కదలిక వచ్చిన రోజు ఊడేది టైలు అంచే. ఆ టైలు మళ్లీ అదే రంగులో దొరకదు.

కదలిక తప్పదు. 3 మీటర్ల టైలు గోడ 20 డిగ్రీల వేడి మార్పుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. రెండు గోడలు కలిసే మూలలో, గోడ నేలను తాకే చోట ఈ కదలికలు తలపడతాయి. అక్కడ ఏ గ్రౌటూ నింపకూడదు. సాగే గుణమున్న సిలికాన్ వేయాలి. అదీ వెనిగర్ వాసన కొట్టే రకం వద్దు. ఆ వాసన అసెటిక్ ఆమ్లానిది, సిమెంటుకు పడదు. న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి.

షవర్ వాడుకలోకి వచ్చాక గ్రౌటుకు అసలు శత్రువు మన ఇళ్లలోనే ఉంది, బాత్రూమ్ యాసిడ్ సీసా. బోరు నీళ్లలోని కాల్షియం గోడ మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని పోగొట్టాలని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తారు. ఆ పొర కాల్షియం కార్బొనేట్, గ్రౌటులో ఉన్నదీ కాల్షియమే. ఆమ్లానికి ఈ రెండూ ఒకటే. బుడగలు వస్తున్నాయంటే గ్రౌటు కూడా కరుగుతోందన్నమాట. ఏడాది తిరిగేసరికి సందులు గుంటలు పడతాయి. తక్కువ వేడిలో కాల్చిన గ్లేజు మెరుపు పోతుంది, సిమెంటు టైలు ముఖమే చెడిపోతుంది. స్నానం అయ్యాక వైపర్‌తో గోడ మీది నీళ్లు లాగేస్తే ఆ పొర కట్టదు, యాసిడ్ అవసరమూ రాదు.

పసుపు సంగతి మనవాళ్లకు బాగా తెలుసు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. కర్‌క్యుమిన్ అనే వర్ణకం క్షారంలో రంగు మారడమే దానికి కారణం. కొత్త సిమెంటు గ్రౌటు బాగా క్షారగుణంతో ఉంటుంది, పీహెచ్ 12 దాటుతుంది. దాని మీద పసుపు నీళ్లు పడితే అదే ఎరుపు మరక వస్తుంది. అందుకే పెళ్లి పనులున్న ఇంట్లో గ్రౌటు వేశాక కొన్ని వారాలు ఆగడం మంచిది. కాలం గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి ఆ క్షారం పైపొరలో తగ్గుతుంది. ఎరుపు భయం పోతుంది కానీ బూజు మొదలవుతుంది. క్షారం తగ్గిన, సబ్బు జిడ్డు పట్టిన, ఎప్పుడూ తడిగా ఉండే గ్రౌటులో బూజుకు కావాల్సినవన్నీ ఉంటాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగే బాత్రూమ్‌లో నలుపు తక్కువగా కనబడడానికి కారణం ఆ తడి త్వరగా ఆరడమే.

రంగు విషయం క్లుప్తంగా. టైలుకు దగ్గరి రంగు గ్రౌటు అంచుల ఎగుడుదిగుడుల్ని దాచుతుంది, ఎదురు రంగు వాటినే ఎత్తి చూపుతుంది. ముదురు రంగుల్లో తెల్లటి ఉప్పు పూత త్వరగా బయటపడుతుంది. తడి సున్నం నీటితో పైకి వచ్చి కార్బొనేట్‌గా మారడమే ఆ పూత. ఎక్కువ నీళ్లతో కలిపితే, స్పాంజిని నీళ్లోడుతూ తుడిస్తే అది పెరుగుతుంది. ఉప్పు బోరు నీళ్లు కాకుండా మంచినీళ్లు వాడాలి, సంచీ మీద రాసిన కొలత దాటకూడదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. గ్లేజు ఉన్న మట్టి టైళ్లతో షవర్ గోడ వేసేవారికి పాలిమర్ కలిసిన, నీరు తక్కువ పీల్చే సిమెంటు గ్రౌటు సరైనది. సంచీ మీద మెరుగుపరిచిన సిమెంటు గ్రౌటని తెలిపే సీజీ2 అనీ, నీరు తక్కువ పీల్చుతుందని చెప్పే డబ్ల్యూ అక్షరమూ ఉన్నాయేమో చూసుకోండి. పాలిమర్ ఆ సన్నటి గొట్టాల్లో పొరలా పరుచుకొని నీటి దారిని తగ్గిస్తుంది, అంచులకు పట్టునూ ఇస్తుంది. నీళ్లు నిలిచే షవర్ నేల మీద గట్టిగా కాలిన, నీరు పీల్చని టైళ్లు వేసి ఎపాక్సీ వాడండి. అక్కడ దాని ఖర్చుకు న్యాయం జరుగుతుంది. ఆత్తంగుడి టైళ్లు మీకు ఎంత నచ్చినా షవర్ నీళ్లు పడే చోట వద్దు, బాత్రూమ్ పొడి భాగంలోనో వరండాలోనో వేసుకోండి.

చివరిగా ఒక విన్నపం. గోడ మొదలుపెట్టక ముందు ఒక సిమెంటు బోర్డు ముక్క మీద మీ టైళ్లు నాలుగు అంటించి, అనుకున్న సందు వదిలి, అనుకున్న గ్రౌటుతో నింపించండి. వారం ఆగి నీళ్లు చల్లి, నూనె రాసి, వెలుతురులో చూడండి. ఆ ముక్కను మేస్త్రీతో కలిసి చూడండి, ఆయన మాట కూడా వినండి. పని అయ్యాక ఆ గ్రౌటు పేరు, రంగు నంబరు రాసిన చీటీతో పాటు పది టైళ్లు దాచిపెట్టుకోండి. చేతి టైలుకు మరమ్మతు వస్తే మళ్లీ అదే బట్టీ, అదే ఛాయ దొరకవు.